తప్పు పాస్‌కోడ్‌లతో లాక్ పడిన ట్యాబ్‌ను మళ్లీ తెరవడం ఎలా?

ట్యాబ్ తెర మీద "ఐప్యాడ్ అన్‌అవైలబుల్" అనో, "30 సెకన్ల తరువాత ప్రయత్నించండి" అనో కనబడినప్పుడు మొదట చేయవలసిన పని, దాన్ని అందరి చేతుల్లోంచి తీసుకుని, ఛార్జింగ్‌లో పెట్టి, కాసేపు ముట్టుకోకుండా వదిలేయడం. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలా ఇళ్లలో ట్యాబ్ ఒక్కరి సొత్తు కాదు. పగలు పిల్లల చదువుకూ, రాత్రిపూట అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న బిడ్డలతో అవ్వాతాతలు మాట్లాడుకోవడానికీ, సెలవులకు వచ్చిన మనుమల ఆటలకూ అదొక్కటే చేతులు మారుతుంటుంది. అందువల్ల లాక్ పడగానే తలా ఒక నంబరు గుర్తు చేసుకుని తలా ఒకసారి నొక్కి చూస్తారు. తప్పు నంబరు పడిన ప్రతిసారీ మిగిలిన దారుల్లో ఒకటి మూసుకుపోతుందని ఆ సమయంలో ఎవరికీ తోచదు.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. మరిచిపోయిన పాస్‌కోడ్‌ను కంపెనీ వారు గాని, షాపు వారు గాని, మరెవరు గాని వెతికి చెప్పలేరు. అది ఎక్కడా రాసి ఉండదు. ట్యాబ్ తిరిగి మీ వాడుకలోకి రావడం పాస్‌కోడ్ మీద కాక, ఆ ట్యాబ్‌లో లాగిన్ అయి ఉన్న యాపిల్, గూగుల్ లేదా శాంసంగ్ అకౌంటు మీద ఆధారపడి ఉంటుంది. కనుక నంబర్లు ఊహించడానికి పెట్టే శ్రమను ఆ అకౌంటు ఎవరి పేరున ఉంది, దాని పాస్‌వర్డ్ ఏమిటి, దానికి ఓటీపీ ఏ ఫోనుకు వస్తుంది అన్నవి కనుక్కోవడానికి పెట్టడం మేలు.

ట్యాబ్ ఇంత పట్టుదలగా ఎందుకు బిగుసుకుంటుంది?

నాలుగు అంకెల పాస్‌కోడ్‌కు 10 వేల నంబర్లు, ఆరు అంకెల దానికి 10 లక్షల నంబర్లు సాధ్యం. ఆపేవారు లేకపోతే ఒక యంత్రం వీటిని వరుసగా వేసి చూసి తేలికగా తెరిచేస్తుంది. అందుకే ఐప్యాడ్ తప్పుల సంఖ్య పెరిగే కొద్దీ ఒక నిమిషం, ఐదు నిమిషాలు, పదిహేను నిమిషాలు, గంట చొప్పున వ్యవధి పెంచుతూ పోయి, చివరకు పాస్‌కోడ్ అడగడమే మానేస్తుంది. లోపలి ఫొటోలు, ఫైళ్లు అన్నీ రహస్య లిపిలోకి మార్చి ఉంటాయి; వాటిని విప్పే తాళం చెవి, మీ పాస్‌కోడ్‌నూ ఆ ట్యాబ్ చిప్‌లో మాత్రమే ఉండే మరొక సంఖ్యనూ కలిపితేనే తయారవుతుంది. కాబట్టి ఐప్యాడ్‌లోని సమాచారాన్ని అలాగే ఉంచి లాక్ మాత్రం తీసేస్తామని ఎవరైనా అంటే నమ్మకూడదు. సెట్టింగుల్లో "ఎరేజ్ డేటా" అన్న మీట ఎవరైనా ఆన్ చేసి ఉంచితే, పది తప్పుల తరువాత ఐప్యాడ్ తనంత తానే మొత్తం చెరిపేసుకుంటుంది.

వ్యవధి నడుస్తున్నప్పుడు ట్యాబ్‌ను ఆఫ్ చేసి ఆన్ చేయడం వల్ల లాభం లేదు సరికదా, నష్టం రెండు విధాలుగా ఉంది. ఐప్యాడ్‌లో ఆ వ్యవధి మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలవుతుంది. రెండవది ఇంకా ముఖ్యం: రీస్టార్ట్ అయిన ఐప్యాడ్ ఒక్కసారైనా పాస్‌కోడ్‌తో తెరుచుకునే దాకా మీ ఇంటి వైఫైకి తనంత తాను కలవదు, ఎందుకంటే వైఫై పాస్‌వర్డ్ కూడా ఆ రహస్య లిపిలోనే ఉంటుంది. నెట్ లేకపోతే దూరం నుంచి సరిదిద్దే మార్గాలు చాలా వరకు పనిచేయవు. అందుకే ఛార్జింగ్‌లో పెట్టమని మొదటే చెప్పడం. బ్యాటరీ అయిపోయి ఆగిపోయినా ఇదే జరుగుతుంది.

చెరపకుండా తెరుచుకునే సందర్భాలు

ఇవి తక్కువే గాని, ముందు వీటినే చూడాలి. పాస్‌కోడ్‌ను ఇటీవలే మార్చారా అని ఇంట్లో అందరినీ, ముఖ్యంగా పిల్లలను, కోప్పడకుండా అడగండి. భయపెడితే పిల్లలు మార్చలేదనే చెబుతారు. ఐప్యాడ్‌ఓఎస్ (ఐప్యాడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) 17 లేదా ఆ తరువాతి వెర్షన్ ఉన్న ఐప్యాడ్‌లో, కొత్త పాస్‌కోడ్ పెట్టి 72 గంటలు దాటకపోతే పాతదానితో తెరిచే వీలుంది. లాక్ తెర అడుగున కనిపించే "ఫర్‌గాట్ పాస్‌కోడ్" నొక్కితే, పాత పాస్‌కోడ్ వేయమనే అవకాశం వస్తుంది. దాన్ని వేసి కొత్తది పెట్టుకోవచ్చు, లోపలివి ఏవీ పోవు.

శాంసంగ్ ట్యాబ్‌లో శాంసంగ్ అకౌంటు లాగిన్ అయి ఉండి, దూరం నుంచి అన్‌లాక్ చేసే "రిమోట్ అన్‌లాక్" ముందే ఆన్‌లో ఉండి, ట్యాబ్‌కు నెట్ అందుతుంటే, మరొక ఫోను లేదా కంప్యూటరు నుంచి శాంసంగ్ వారి స్మార్ట్‌థింగ్స్ ఫైండ్ సైటులో అదే అకౌంటుతో లాగిన్ అయి "అన్‌లాక్" నొక్కితే తెర లాక్ తొలగిపోతుంది. నా దృష్టిలో ఇప్పుడు అందుబాటులో ఉన్నవాటిలో ఇంతకంటే మంచి మార్గం లేదు. కాని ఈ మూడు షరతులూ ముందే కుదిరి ఉండాలి. లాక్ పడ్డాక వాటిని కుదర్చలేం. ఇతర ఆండ్రాయిడ్ ట్యాబ్‌లకు గూగుల్ ఇచ్చే ఫైండ్ హబ్‌తో ట్యాబ్‌ను చెరపవచ్చు, లాక్ మాత్రం తీయలేం.

ఇవేవీ కాకపోతే ట్యాబ్‌ను పూర్తిగా చెరిపి, కొత్తదానిలా మొదలుపెట్టి, బ్యాకప్ (ముందే వేరేచోట దాచిన నకలు) ఉంటే తిరిగి తెచ్చుకోవలసిందే.

చెరపడానికి ముందు అకౌంటు దొరకాలి

ఈ వరుస తప్పకూడదు. ట్యాబ్‌ను చెరిపినంత మాత్రాన అది మీదైపోదు. 2013లో ఐఓఎస్ 7తో యాపిల్ తెచ్చిన యాక్టివేషన్ లాక్, 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చిన ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్ దొంగతనాలను నిరుత్సాహపరచడానికి పుట్టినవి. చెరిపిన తరువాత అవి "ఇంతకుముందు ఇందులో ఉన్న అకౌంటు ఏది?" అని అడుగుతాయి. సమాధానం తెలియకపోతే ఫొటోలూ పోతాయి, ట్యాబూ వాడుకలోకి రాదు. పాస్‌కోడ్ మరిచిపోయినవారి కంటే, తొందరపడి చెరిపి ఇక్కడ చిక్కుకుపోయినవారి బాధ ఎక్కువ.

అకౌంటు వెతకడంలో మన ప్రాంతంలో ఎదురయ్యే పరిస్థితులు ప్రధానంగా రెండు. మొదటిది, ట్యాబ్ కొన్న రోజున షాపులోని కుర్రవాడే ఒక జీమెయిల్ తెరిచి, ఏదో పాస్‌వర్డ్ పెట్టి ఇచ్చి ఉండడం. అలాంటప్పుడు ఇంట్లోని పాత ఫోన్లలో ఆ రోజు తేదీ దగ్గర వచ్చిన గూగుల్, యాపిల్ మెసేజీలు వెతకాలి. ఆ అకౌంటుకు ఇచ్చిన ఫోను నంబరు మీదే అయితే పాస్‌వర్డ్ మార్చుకోవడం కష్టం కాదు. ట్యాబ్‌లో యూట్యూబ్‌కో ప్లేస్టోర్‌కో వాడిన జీమెయిల్ ఇంకెవరి ఫోనులో ఉందో కూడా చూడండి, చాలాసార్లు అదే అసలు అకౌంటు అవుతుంది.

రెండవది, అమెరికాలోని కొడుకో కూతురో కొని, తమ యాపిల్ అకౌంటుతోనే సిద్ధం చేసి పంపిన ఐప్యాడ్. దీనిలో పాస్‌వర్డ్ వారికి తెలిసే ఉంటుంది గాని, ధ్రువీకరణ కోడ్ వారి అమెరికా నంబరుకో, వారి చేతిలోని ఐఫోనుకో వెళుతుంది, అదీ వచ్చిన కొద్దిసేపటికే చెల్లకుండా పోతుంది. కాబట్టి వారు మెలకువగా ఉన్న వేళ చూసుకుని, ఫోనులో మాట్లాడుతూనే ఈ పని చేయాలి. మనకు రాత్రి 8 గంటలైనప్పుడు న్యూయార్క్‌లో వేసవిలో ఉదయం 10:30, చలికాలంలో 9:30 అవుతుంది. ఇద్దరికీ అనువైన వేళ అది. అదే పిలుపులో, వారి ఐఫోనులో పరికరాలను వెతికే "ఫైండ్ మై" యాప్ తెరిచి పరికరాల జాబితాలో మీ ఐప్యాడ్ పేరు కనబడుతోందో లేదో చూడమనండి. కనబడితే అకౌంటు అదేనని తేలిపోయినట్టే. యాపిల్ వారు నెట్‌లో ఇచ్చే దాపు అయిన ఐక్లౌడ్‌లో ఆఖరి బ్యాకప్ ఎప్పుడు జరిగిందో కూడా అప్పుడే అడగండి. ఉచితంగా వచ్చే 5 జీబీ నిండిపోయి ఉంటే బ్యాకప్ ఏనాడో ఆగిపోయి ఉండవచ్చు, ఆ సంగతి చెరపక ముందే తెలుసుకోవడం మంచిది.

యాపిల్ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తు లేకపోతే యాపిల్ వారి ఐఫర్‌గాట్ సైటులో మార్చుకోవచ్చు. నమ్మకమైన ఫోను నంబరు కూడా లేనప్పుడు అకౌంట్ రికవరీకి దరఖాస్తు పెట్టాలి, దానికి కొన్ని రోజులు వేచి ఉండక తప్పదు. గూగుల్ పాస్‌వర్డ్‌ను కొత్తగా మార్చినవారు ఆ వెంటనే ట్యాబ్‌ను రీసెట్ చేయకుండా కనీసం 24 గంటలు ఆగాలి, లేకపోతే రీసెట్ తరువాత ఆ కొత్త పాస్‌వర్డ్‌ను ట్యాబ్ ఒప్పుకోకపోవచ్చు.

ఐప్యాడ్‌ను చెరపడం

ఐప్యాడ్‌ఓఎస్ 15.2 లేదా ఆ తరువాతిది ఉండి, ఐప్యాడ్ నెట్‌కు కలిసి ఉంటే పని సులువు. లాక్ తెర మీద "ఎరేజ్ ఐప్యాడ్" అనో, కొత్త వెర్షన్లలో "ఫర్‌గాట్ పాస్‌కోడ్" అనో కనిపిస్తుంది. దాన్ని నొక్కి, మరోసారి నిర్ధారించి, యాపిల్ పాస్‌వర్డ్ వేస్తే అది తనను తాను చెరుపుకుంటుంది. ఆ మాట తెర మీద లేకపోయినా నెట్ మాత్రం ఉంటే, బిడ్డల ఐఫోనులోని "ఫైండ్ మై" నుంచి గాని ఐక్లౌడ్ సైటు నుంచి గాని ఇదే పని చేయించవచ్చు.

నెట్ లేని ఐప్యాడ్‌కు కంప్యూటరు కావాలి. విండోస్ కంప్యూటరులో "యాపిల్ డివైసెస్" యాప్ గాని ఐట్యూన్స్ గాని ఉండాలి. మ్యాక్‌లో ఫైండర్ చాలు. కంప్యూటరుతో పాటు మంచి నెట్ కూడా కావాలి, ఎందుకంటే అది ఐప్యాడ్‌ఓఎస్ మొత్తాన్ని దించుకుంటుంది, ఆ ఫైలు చాలా జీబీలు ఉంటుంది. రోజుకు 1.5 జీబీ, 2 జీబీ ఇచ్చే ఫోను ప్యాకుతో హాట్‌స్పాట్ పెట్టి మొదలుపెడితే డేటా సగంలోనే అయిపోతుంది. ఊళ్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్న బంధువుల ఇల్లో, నెల్లూరులోనో ఒంగోలులోనో కావలిలోనో నమ్మకమైన నెట్ సెంటరో చూసుకోండి. కరెంటు పోయి వచ్చే వేళల్లో డెస్క్‌టాప్ మీద ఈ పని పెట్టుకోకుండా, ఛార్జింగ్ నిండుగా ఉన్న ల్యాప్‌టాప్ వాడడం క్షేమం. వైరు కూడా ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే చవకది కాక, డేటా వెళ్లేదై ఉండాలి.

ఐప్యాడ్‌కు వైరు తగిలించకుండా ముందు పూర్తిగా ఆఫ్ చేయండి. తెర కింద గుండ్రటి హోమ్ బటన్ ఉన్నదానికి పై బటన్‌ను నొక్కి పట్టుకుంటే ఆఫ్ చేసే పట్టీ వస్తుంది. హోమ్ బటన్ లేనిదానికి పై బటన్‌తో పాటు ఒక వాల్యూమ్ బటన్ కూడా కలిపి పట్టుకోవాలి. ఆఫ్ అయ్యాక ఒక నిమిషం ఆగండి. తరువాత హోమ్ బటన్ ఉన్నదైతే హోమ్ బటన్‌ను, లేనిదైతే పై బటన్‌ను ఒక చేత్తో నొక్కి పట్టుకుని, ఆ వేలు తీయకుండానే రెండో చేత్తో వైరును కంప్యూటరుకు కలపండి. యాపిల్ గుర్తు కనబడగానే చాలామంది వేలు తీసేస్తారు, అప్పుడు మామూలు పాస్‌కోడ్ తెరే వస్తుంది. ఒక వైరు, ఒక కంప్యూటరు ఉన్న బొమ్మ కనిపించే దాకా వేలు అలాగే ఉంచాలి. పాస్‌కోడ్ తెర వచ్చిందంటే మళ్లీ ఆఫ్ చేసి మొదటి నుంచి చేయాలి.

అప్పుడు కంప్యూటరు తెర మీద "అప్‌డేట్", "రీస్టోర్" అని రెండు మాటలు వస్తాయి. "అప్‌డేట్" నొక్కితే లాక్ అలాగే ఉండిపోతుంది, "రీస్టోర్" నొక్కాలి. ఫైలు దిగడానికి 15 నిమిషాల కంటే ఎక్కువ పడితే ఐప్యాడ్ ఆ బొమ్మ తెర నుంచి బయటికి వచ్చేస్తుంది. కంగారు పడనక్కరలేదు, ఫైలు పూర్తిగా దిగాక బటన్ల పని మరోసారి చేసి, మళ్లీ "రీస్టోర్" నొక్కితే సరిపోతుంది. నెట్ సెంటరు కంప్యూటరులో దీనికోసం మీ యాపిల్ పాస్‌వర్డ్ వేయవలసిన అవసరం లేదు. పని ముగిశాక ఐప్యాడ్ మీద "హలో" తెర వస్తుంది; పాస్‌వర్డ్ అక్కడ, మీ చేతిలోని ఐప్యాడ్ మీదే వేయండి. తరువాత ఐక్లౌడ్ బ్యాకప్ నుంచి తెచ్చుకుంటారా అని అదే అడుగుతుంది.

అకౌంటు ఎంత వెతికినా దొరకని సొంత ఐప్యాడ్‌కు ఆఖరి దారి కొన్న బిల్లు. యాక్టివేషన్ లాక్ తీయమని యాపిల్ సపోర్టును అడగవచ్చు, కాని బిల్లు మీ పేరున ఉండి, దానిలో ఆ ఐప్యాడ్ సీరియల్ నంబరు కనబడాలి. అది పోయినట్టు గుర్తు పెట్టినదో, ఏ సంస్థ అదుపులోనో ఉన్నదో కాకూడదు. చాలా ఐప్యాడ్‌లకు ఈ నంబరు వెనుక రేకు మీద, కింది వైపున, చీమ తలకాయంత అక్షరాల్లో చెక్కి ఉంటుంది. కళ్లద్దాలతో కూడా చదవడం కష్టం కనుక, దీపం ఏటవాలుగా పడేలా పెట్టి ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసుకుని చూడండి. పెట్టె ఉంటే దాని మీది చీటీలోనూ ఉంటుంది. అమెరికాలో కొన్నదైతే బిల్లు కొన్నవారి ఈమెయిల్‌లో ఉండే అవకాశం ఎక్కువ.

ఆండ్రాయిడ్ ట్యాబ్‌ను చెరపడం

శాంసంగ్ ట్యాబ్‌ల మీద ఆండ్రాయిడ్ 11 లేదా ఆ తరువాతిది ఉంటే, ముందుగా యూఎస్‌బీ వైరుతో కంప్యూటరుకు కలపాలి. ఉత్త ఛార్జరుకు కలిపితే కుదరకపోవచ్చు. ట్యాబ్ ఆఫ్‌లో ఉండగా పవర్ బటన్, వాల్యూమ్ పెంచే బటన్ కలిపి పట్టుకుంటే రికవరీ మెనూ వస్తుంది. అందులో తాకితే ఏమీ జరగదు. వాల్యూమ్ బటన్లతో "వైప్ డేటా, ఫ్యాక్టరీ రీసెట్" వరుస దాకా దిగి, పవర్ బటన్‌తో ఎంచుకోవాలి. ముగిశాక "రీబూట్ సిస్టమ్ నౌ" ఎంచుకుంటే ట్యాబ్ కొత్తదానిలా మొదలై, పాత గూగుల్ అకౌంటు అడుగుతుంది. మిగిలిన కంపెనీల ట్యాబ్‌లలో బటన్లు కొద్దిగా వేరుగా ఉండవచ్చు, పద్ధతి ఇదే.

బడి ఇచ్చిన ట్యాబ్ అయితే

2022 డిసెంబరు 21 నుంచి రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ బడుల్లోని 8వ తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది, మరుసటి ఏడాది మళ్లీ పంచింది. అవి ఇంకా మన పల్లెల్లో చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటిలో పాఠాలు ముందే ఎక్కించి, పిల్లలు వేరే వాటికి వాడకుండా అదుపు చేసే సాఫ్ట్‌వేర్ పెట్టారు. అలాంటిదాన్ని ఇంట్లో రీసెట్ చేయడానికి పూనుకోవద్దు. పాఠాలూ పోవచ్చు, అదుపు సాఫ్ట్‌వేర్ అడ్డుపడి ట్యాబ్ మొరాయించవచ్చు. ప్రధానోపాధ్యాయుల దగ్గరికి తీసుకువెళ్లి, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి. కళాశాలలు, ప్రైవేటు కోచింగ్ సంస్థలు ఇచ్చిన ట్యాబ్‌లకూ ఇదే వర్తిస్తుంది.

షాపుకు ఇచ్చేటప్పుడు

ట్రంకు రోడ్డు వైపు వెళితే లాక్ తీస్తామన్న బోర్డులు కనిపిస్తాయి. బటన్లతో చేసే రీసెట్ మీకు చేతకాకపోతే పనితనం ఉన్న మనిషికి ఇవ్వడంలో తప్పు లేదు. పని మీ కళ్ల ముందే జరగాలి, రుసుము ముందే మాట్లాడుకోవాలి, అకౌంటు పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి ఇవ్వకుండా మీరే టైపు చేయాలి. ఐప్యాడ్ యాక్టివేషన్ లాక్‌ను ఏదో సాఫ్ట్‌వేర్‌తో దాటిస్తామని అడ్వాన్సు అడిగితే ట్యాబ్ తీసుకుని వచ్చేయండి. కస్టమర్ కేర్ నంబరు కోసం నెట్‌లో వెతికి, దొరికిన మొదటి నంబరుకు ఫోను చేయడం ఇంకా ప్రమాదం. అవతలివారు ఓటీపీ అడిగినా, తెర చూపించే యాప్ పెట్టుకోమన్నా వెంటనే ఫోను పెట్టేయండి; అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోను చేయండి. పాత ట్యాబ్ కొనేవారు అమ్మే మనిషి ఎదుటే దాన్ని చెరిపించి, పాత అకౌంటు అడగకుండా మొదలవుతోందని చూసుకున్నాకే డబ్బు ఇవ్వాలి.

తెరుచుకున్న రోజునే చేయవలసినవి

ట్యాబ్ చేతికి రాగానే బ్యాకప్ ఆన్ చేయండి. గూగుల్ ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీ, ఐక్లౌడ్‌లో 5 జీబీ. ఇంట్లో నలుగురు వాడే ట్యాబ్‌కు, ఆ సౌకర్యం ఉంటే, నలుగురి వేలిముద్రలూ ఎక్కించడం వల్ల పాస్‌కోడ్ నొక్కే అవసరమే తగ్గుతుంది; అయితే రీస్టార్ట్ అయిన ప్రతిసారీ పాస్‌కోడ్ అడుగుతుంది గనుక అది మరిచిపోకుండా, పెద్దవారి డైరీలో ట్యాబ్‌కు దూరంగా రాసి ఉంచాలి. శాంసంగ్ ట్యాబ్‌లలో పిల్లలకు వేరే యూజర్‌ను తెరిచి ఇవ్వవచ్చు, అప్పుడు వారు పాస్‌కోడ్ మార్చుకున్నా పెద్దవారి వైపు లాక్ పడదు. డైరీలో పాస్‌కోడ్ ఉన్న పేజీ కాక వేరొక పేజీలో అకౌంటు ఈమెయిల్, సీరియల్ నంబరు, ఓటీపీ వచ్చే ఫోను నంబరు రాయండి. ఆ ఫోను నంబరు రీచార్జి లేక మూలపడిన సిమ్‌దై ఉంటే, ఇప్పుడు వాడుకలో ఉన్న నంబరును అకౌంటుకు చేర్చి, పాతదాన్ని అదే రోజు తొలగించండి.